సగంల ఆగిన క్లచ్

మొకం గోడ దిక్కు తిప్పుకోకు పండరీ. ఇటు చూడు. కాలుకు కట్టు కట్టిండ్లు గని చెవులకు కట్టలే గద.

చూడవచ్చినోళ్ళందరికి ఏం చెప్తానవో నాకు ఎరుకే. "ఆ చిన్న ట్రాక్టర్ మంచిది కాదు, దాని క్లచ్ పట్టలే, మా వదిన మొండితనానికి నా కాలు విరిగింది." పొద్దున మన ఊరి పోశయ్య నిన్ను చూసి పోతూ పోతూ మీ అన్న చెవుల అదే ఊది పోయిండు. ఇగ మీ అన్న ఇంటికొచ్చి, "ఆ బండి ముచ్చట బందు జెయ్యి, అది మనకు అచ్చిరాదు" అంటాండు. మొన్నటిదాక సరే అన్న మనిషి.

నీ అబద్ధం నీ మంచం మీద ఉన్నన్ని రోజులు నేను ఊకున్న. ఇప్పుడది నా పత్తి చెల్క దాక వచ్చింది. అందుకే వచ్చిన.

వాసంతి కోసం చూడకు. మందులకని దవాఖాన కింది దుకాణానికి నేనే పంపిన. పెండ్లాం ముంగట మొగని పరువు తీసుడు నాకు చాతగాదు. ఆమె పైకొచ్చేలోపల నేను చెప్పేది చెప్పి పోత. నువ్వు మాట్లాడకపోయినా ఫికర్ లేదు. ఇను చాలు.

నేను బండి ఎందుకు కొంటానన్ననో నీకు తెల్వదా? తెలుసు. అందరికన్న నీకే ఎక్కువ తెలుసు.

మీ అన్న మోకాలు అరిగిందాయె. ఆయన ట్రాక్టర్ ఎక్కలేడు. ఇన్నేండ్లు మన రెండిండ్లల్ల బండి తోలేటోనివి నువ్వొక్కనివే. వాన పడంగనే నేను వచ్చి నీ వాకిట్ల నిలబడుడు, "పండరీ, పదునున్నది, జర వచ్చి దున్నిపో" అని అడుగుడు, నువ్వు అరుగు మీద చాయ్ తాగుకుంట "వస్త తియ్యి వదినా, ఫికరెందుకు" అనుడు. వచ్చినవా? ఎప్పుడన్న అడిగిన రోజు వచ్చినవా?

పోయిన వానకాలం ఏమైంది? పక్కోళ్ళ చెల్క దున్నినవ్, వాళ్ళ పక్కోళ్ళది దున్నినవ్, నా చెల్క గెట్టు మీదికెల్లే బండి తోలుకోని పోయినవ్. నా దగ్గరికి వచ్చేసరికి మట్టిల తడి ఆరింది. పెట్టిన పత్తి గింజ పెట్టినట్టే ఉన్నది, మొల్వలే. మళ్ళ విత్తనం పెట్టిన. నీకు టైం లేక గాదు. అడిగిచ్చుకునుడు నీకు ఇష్టం. వదిన వాకిట్ల నిలబడి అడుగుతాంటే నీ మొకంల ఒక నవ్వుంటది. పెదవుల మీదికి రాని నవ్వు. అది నేను చాలాసార్లు చూసిన.

అందుకనే ధర్మసాగర్ల మా సోమక్క దగ్గర ఉండి, వాళ్ళ మహిళా సంఘం ట్రాక్టర్ మీద తోలుడు నేర్సుకున్న. గోచి పోసి చీరె కట్టుకోని, నెత్తికి తువ్వాల చుట్టుకోని నేర్సుకున్న. నవ్వినోళ్ళు నవ్విండ్లు. నువ్వు గూడ నవ్వినవ్. "వదినా, రోడ్డు మీదికి వస్తే ముందే చెప్పు, మేం ఇండ్లల్లకు పోతం" అన్నవ్. ఆ మాటకు నేను గూడ నవ్విన. అప్పటికి నాకు నీ మీద కోపం లేదు.

అనుమానం ఎప్పుడు మొదలైందో తెలుసా? పత్తి సాళ్ళ నడుమ పట్టే చిన్నబండి కొంటమని మీ అన్న ఊకొట్టిన రోజు. నువ్వే ముందుకొచ్చినవ్. "నేనొస్త వదినా, బండ్ల సంగతి నాకు తెలుసు" అని. నా చెల్కకు రమ్మంటె రానోనివి, షోరూంకు పిలవకముందే ఇస్త్రీ అంగి తొడుక్కోని మా వాకిట్ల నిలబడ్డవ్. నీకు నా మీద అంత ప్రేమ ఎక్కడ్నుంచి వచ్చిందని ఆ రాత్రి ఆలోచన చేసిన.

మొదలు పోయిన షోరూంల పెడల్లు పైనుంచి వేలాడుతుండె, కారులో ఉన్నట్టు. కాళ్ళు పెట్టే పలక సాఫుగుంటది, మట్టి పెడ్డలు ఇరుక్కోవు, చీరె అంచు తట్టుకోదు. అది మంచిగనే ఉన్నది. గని నాది పొట్టి కాలు. తొక్కుదామంటే మడిమె కింద ఆనుతలేదు, కాలు గాల్ల లేపి తొక్కాలె. ఒక్కసారి తొక్కి దిగేది కాదు గద, పొద్దుందాక తొక్కాలె. తొడ గుంజి చస్తది. వద్దన్న.

నువ్వేమన్నవ్? "ఇదే ఫస్ట్‌క్లాస్ వదినా. ఇగ ఏరే చూసుడు ఎందుకు" అన్నవ్. నా కాలు అందని బండి నాకు ఫస్ట్‌క్లాస్ ఎట్లైంది పండరీ? కొనేది నేను, తొక్కేది నేను. ఆ మాటను కొంగున కట్టుకున్న.

అక్కడి మనిషి ఫోన్ల ఇంకో బొమ్మ చూపెట్టిండు, యాదికున్నదా? క్లచ్చే లేదట దానికి. ఒక్కటే పెడలట, ముని వేళ్ళతోని ఒత్తితే ముందుకు, మడిమెతోని ఒత్తితే వెనుకకు పోతదట. మీ అన్న "కుట్టు మిషన్ లెక్క" అన్నడు. మన దిక్కు దొరుకుతదా అంటే ఆ మనిషి దొరకదన్నడు. దొరకనిదాన్ని చూపెట్టుడెందుకో. "అదైతే వదినకు సెట్ అయితుండె" అని నువ్వు నవ్వినవ్. అంటే దొరికేదేదీ నాకు సెట్ కాదని ముందే రాసి పెట్టుకోని వచ్చినవ్.

ములుగు రోడ్డు మీది షోరూంల పెడల్లు వేరే తీరు. పలకల నుంచి పైకి లేచి ఉంటయి. మడిమె పలక మీద ఆనిచ్చి ముని కాలుతోని ఒత్తొచ్చు. చీరె జర జాగ్రత్త పెట్టుకోవాలె, మట్టి పడితే దులుపుకోవాలె, అంతే. సంఘం బండి గూడ అదే కంపెనీది, అదే నంబర్‌ది. దాని క్లచ్ నా కాలుకు తెలుసు. ఎక్కడిదాక పోతదో, ఎక్కడ పడుతదో కండ్లు మూసుకోని చెప్త.

కుడికాలు దిక్కు బ్రేకులు రెండు. చక్రానికొకటి. సాలు చివర మళ్ళేటప్పుడు ఒక్కటే తొక్కితే బండి ఉన్నకాడనే తిరుగుతది. రోడ్డెక్కితే మాత్రం రెండింటిని కలిపి కొండి పెట్టుకోవాలె, లేకపోతే ఒక దిక్కే గుంజి పడేస్తది. షోరూం పిలగాడు శ్యాంసుందర్ కొండి తీసి, బండి ఎంత దగ్గర తిరుగుతదో చూపెట్టిండు. మీరు గూడ తిప్పి చూడున్రి అమ్మా అని కొండి తీసే ఉంచిండు. తరువాత నన్ను, మీ అన్నను నీళ్ళు తాగున్రని లోపలికి పిలిచిండు.

నువ్వు రాలే. బండి కాడ ఉంటనన్నవ్.

అద్దంల నుంచి నాకు నువ్వు కనబడుతానవ్ పండరీ. అటు ఇటు చూసినవ్. వంగినవ్. నీ చెప్పులు వాసంతి తెచ్చి కాళ్ళ కాడ పెడితే తొడుక్కునేటోనివి. అన్నం తినేటప్పుడు చెయ్యి జారి పడ్డ మెతుకు తియ్యనీకి వంగవు. గసువంటోనివి బండి కింద తలకాయ పెట్టి ఏం చేస్తానవ్? గ్లాసు పట్టుకోని చూస్తనే ఉన్న. లేచి చేతులు దులుపుకున్నవ్. అంగికి అంటిన దుమ్ము దులుపుకున్నవ్.

నేను వచ్చి బండెక్కిన. మడిమె ఆనిచ్చి క్లచ్ ఒత్తిన. సగం దాక పోయి ఆగింది. గేరు వేస్తే కర్రుమన్నది.

నువ్వు వెంటనే అందుకున్నవ్. "చూసినవా వదినా, నీ కాలు అందుతలేదు. నేను చెప్పలే?" వేరే బండి చూడవచ్చిన ఇద్దరు మొగోళ్ళు నవ్విండ్లు. మీ అన్న తల దించుకున్నడు.

గని నా కాలు నాకు చెప్పింది. ఇనుము ఇనుముకు తాకితే ఠక్కున ఆగుతది. ఇది మెత్త మీద తొక్కినట్టు ఆగింది.

దిగేటప్పుడు కాలి మెట్టె సర్దుకున్నట్టు వంగిన. పెడల్ కింద, దాని కమ్మీ ఎనుక, ఎర్ర పచ్చ చారల జంపఖానా ముక్క ఒకటి చుట్ట చుట్టి కుక్కి ఉన్నది.

ఆ జంపఖానా నేను తెచ్చిందే గద. దసరకు నీ పెద్దబండి సీటు మీదికని కొత్తవాడల మగ్గం కాడ నిలబడి కొనుక్కొచ్చిన. నా చేతులతోని కత్తిరించి కుట్టిన. మిగిలిన అంచు ముక్కతోని నువ్వు డీజిల్ తుడుసుకుంటవ్, అది ఎప్పుడు నీ జేబుల్నే ఉంటది. నేను సీటుకు కుట్టిచ్చిన బట్టను నా కాలు కింద పెట్టినవ్.

అక్కడనే గుంజి నీ మొకాన కొట్టొచ్చు. కొట్టలే. లేచి నిలబడి, "నాకొస్తలేదు పండరీ, నువ్వు తోలి చూపెట్టు" అన్న.

నీ మొకం ఎట్లైందో అప్పుడు చూసుకుంటే మంచిగుంటుండె.

"నాకెందుకు వదినా, నాకు తెల్సిన బండే" అన్నవ్. మీ అన్న, "తోలురా, నీకు పట్టిందా లేదా చూద్దాం" అన్నడు. ఇగ ఎక్కక తప్పలే. ఎక్కినంక నేను చెప్పలేదా? "కింద ఏమన్న అడ్డమున్నదేమో జర చూసుకో" అని చెప్పిన. "ఏం లేదు" అన్నవ్. "బ్రేకులకు కొండి పెట్టుకో" అన్న. "నాకు నేర్పుతానవా" అన్నవ్. "మరొక్కసారి పెడల్ కింద చూడు పండరీ" అన్న, పేరు పెట్టి మెల్లగ అన్న. అప్పుడు నువ్వు నా కండ్లల్లకు చూసినవ్. నాకు తెలిసిందని నీకు తెలిసింది. అవునా కాదా? అగో, గోడ దిక్కు మళ్ళ తిప్పుకుంటానవ్.

ఒక్కసారి వంగితే అయిపోతుండె. "ఇగో వదినా, ఏదో గుడ్డ ఇరికింది" అని తీసి పారేస్తే ఎవ్వరు ఏమనకపోతుండె. నేను గూడ అనకపోతుంటి. వంగలే. ఆడిదాని ముంగట, నలుగురు చూస్తుండంగ, వంగలే.

బలవంతంగ గేరు వేసినవ్. బండి దునికింది. షోరూం ముంగటి జాగ చివరి దాక మంచిగనే పోయినవ్. అక్కడ అమ్మకానికి ట్రాక్టర్ నాగండ్లు వరుసగ నిలబెట్టి ఉండె. ఆపుదామని క్లచ్ తొక్కినవ్. సగంల ఆగింది. ఇంకింత గట్టిగ తొక్కినవ్, కాలు జారింది. కుడికాలుకు బ్రేకు ఒక్కటే దొరికింది. బండి గిర్రున మళ్ళింది. జారిన ఎడమ కాలు పలకకు, నాగలి ఇనుముకు నడుమ పడ్డది.

అందరు నిన్ను ఎత్తుతాండ్లు. నేను వంగి ఆ ముక్క గుంజి బొడ్ల చెక్కుకున్న.

ఏంది? ఎరుకుండి ఎందుకు కూసోనిచ్చినవంటవా?

అడుగు. అడగవలసిన మాటనే. నలుగురిల నీ పరువు తియ్యొద్దనుకున్న. అట్లని నాకు నేను చెప్పుకున్న. అది సగమే నిజం. నువ్వు నా ముంగట వంగితే చూడాలని ఉండె నాకు. ఇన్నేండ్లు నీ వాకిట్ల నిలబడ్డదాన్ని గద. అందుకు నాకేం శిక్షున్నదో నేను పడ్త. దాంట్ల నీ వాటా కలుపను. నీది నువ్వు పడాలె.

శ్యాంసుందర్‌కు మాత్రం చెప్పిన. ఏ తప్పు లేని మనిషి నిందల పడొద్దు. ఆయన ఇంకెవ్వరికి చెప్పడు. మీ అన్నకు నేను చెప్పలే. వాసంతికి చెప్పలే.

ఇగో, ఆ ముక్క. నీ తలగడ కింద పెడుతాన. మీ అన్న పొద్దూకినంక వస్తడు. నువ్వే తీసి చూపెట్టు, నువ్వే చెప్పు. ఇప్పుడన్న నీ చెయ్యితోని నువ్వు తియ్యి. తియ్యకపోతే రేపు నేను తీస్త, అప్పుడు వాసంతి గూడ ఇక్కడనే ఉంటది.

మీ అన్నకు నిజం తెలిస్తే బండి వద్దనడు. వానకాలం నాటికి అది మా ఇంటి ముంగట ఉంటది.

ఇంకొక్క మాట చెప్పి పోత. డాక్టర్ నీకు సగమే చెప్పిండు. మిగిలింది బయట నాకు, వాసంతికి చెప్పిండు. అందుకే ఆమె నిన్నటి సంది నీ మొకం చూస్తలేదు. నడుస్తవట. కర్ర సాయంతోని మెట్లు గూడ ఎక్కుతవట. గని మడిమె కాడ బొక్కలు మునుపటి లెక్క అతుకవట. గట్టిగ ఒత్తే బలం ఆ కాలుకు ఇగ రాదట.

నీ పెద్దబండి క్లచ్ ఎంత గట్టిదో నీకే ఎరుక. ఆడోళ్ళతోని అయ్యే పని కాదంటుంటివి. ఇగ నీతోని గూడ కాదు. ఆ కాలుతోని నువ్వు తొక్కగలిగే బండి మన రెండిండ్లల్ల ఒక్కటే ఉంటది. మడిమె ఆనిచ్చి మెల్లగ ఒత్తితే చాలు దానికి.

నీ చెల్క పదును నేను పోనియ్య. నా గింజ ఎట్ల ఎండిందో నీ గింజ అట్ల ఎండనియ్య. గని బండి తాళం నా కొంగుకుంటది. వాన పడ్డ పొద్దు నువ్వు కర్ర పట్టుకోని మా వాకిట్లకు రావాలె. నిలబడి, "వదినా, పదునున్నది" అనాలె.

అడగంగనే ఇస్త. నీ లెక్క చాయ్ తాగుకుంట కూసోను.

గని ప్రతి వానకు అడగాలె.