తొడుగు లేని వేలు

ఎక్స్‌రే గొట్టాలు తయారుచేసే ఫ్యాక్టరీ నుంచి వచ్చి, అత్తాకోడళ్లు వంటగదిలో గిన్నెలు కడుగుతున్నారు.

"ఆ కుడిచెయ్యి ఒకసారి ఇలా ఇవ్వండి అత్తయ్యా."

"చేతినిండా సబ్బుంది. తర్వాత."

"సబ్బుంటే ఏం? బొటనవేలు చూస్తానంతే."

"రోజంతా చెడిపోయిన గొట్టాల్ని పరీక్ష చేసింది చాలక, ఇంటికొచ్చి నన్ను పరీక్ష చేస్తావా?"

"ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన గొట్టాన్ని ఇవాళ కోశాను. ఎవరికో స్కానింగు మధ్యలో ఆగిపోయిందట."

"కోశావుగా. ఫ్యాక్టరీ అంతటికీ తెలుసు. ఆ పళ్లెం ఇటియ్యి."

"లోపల వేలిముద్ర ఉంది. నల్లగా కాలి అంటుకుపోయింది."

"తెలుసన్నాగా! ఎవత్తో గ్లౌజు తీసి ముట్టుకుంది. చెమట లోపలే ఉండిపోయి, వేడికి ఆవిరై, మెరుపు కొట్టి గొట్టం చచ్చింది. ఈ పాఠం నీకు చెప్పిందే నేను."

"మీ బల్ల మీద బిగించిన గొట్టం అది."

"నా ఒక్కదాని బల్లా? పొద్దున నేను, మధ్యాహ్నం నవ్వులపిల్ల."

"దాన్ని ఇవాళ పనిలోంచి తీసేశారు."

"తెలుసు."

"వెళ్లిపోతుంటే చూశారా?"

"గేటు దాకా చూశా. ఎప్పుడూ కిలకిలలాడే పిల్ల, ఇవాళ నవ్వలేదు. నా దగ్గరికొచ్చి, 'పెద్దమ్మా, నేను ముట్టుకోలేదు, నువ్వైనా చెప్పవా' అంది."

"మీరేమన్నారు?"

"ఏమంటాను? నీళ్లు నమిలాను. ఈ గిన్నెకి జిడ్డు వదలట్లేదు చూడు."

"దాన్ని ఇప్పటికి మూడుసార్లు తోమారు."

"తోమితే తోమాను! నీకేం?"

"ఆ ముద్రలో అడ్డంగా ఒక గీత ఉంది అత్తయ్యా. గాజు కోసుకుని పడ్డ గాటు."

"గాజు పనిలో గాటు పడని వేలు ఎవరికుందే?"

"మరి చెయ్యి వెనక్కెందుకు పెట్టుకున్నారు?"

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది కదూ, నా వాలకం?"

"అత్తయ్యా..."

"కళ్లు ఆనడం లేదే. ఏడాదైంది. ఎవరికీ చెప్పలేదు, మీ మామయ్యక్కూడా. లోపలి తీగ బిగిసిందో లేదో కనపడక, గ్లౌజు తీసి తడిమాను. ఒక్కసారే! గుడ్డతో తుడిచా కూడా. ఇరవై రెండేళ్లు, ముట్టుకుంటే వేళ్లు విరుస్తానని అందర్నీ బెదిరించిన దాన్ని. సిగ్గుతో చచ్చిపోతున్నానే."

"ఏడవకండి."

"ఏడుపు కాదు, సబ్బు పడింది. విను. రేపు పొద్దున్నే మేనేజరు దగ్గరికెళ్లి ఈ వేలు చూపిస్తా. నా పని పోతే పోనీ. ఆ పిల్లని వెనక్కి పిలవాలి. నువ్వూ తోడు రా. ముద్రలో గాటుందని నువ్వు చెబితే నమ్ముతారు."

"నమ్మరు. ఇప్పుడు చూస్తే అక్కడ గాటు కనపడదు."

"ఎందుకు కనపడదు? నువ్వు చూశానన్నావుగా! రిపోర్టు రాసేదీ నువ్వేగా!"

"చూడగానే ఎవరి వేలో తెలిసిపోయింది అత్తయ్యా. గాటు ఉన్నచోట గీకేసి, రిపోర్టులో నవ్వులపిల్ల పేరు రాసింది నేనే."