గొంతు పోయిన రోజు

స్టాఫ్ రూములో పెద్ద టీచరు జవాబు పత్రాలు దిద్దుతోంది. చిన్న టీచరు క్లాసు ముగించుకుని వచ్చి పక్కన కూర్చుంది.

“ఈ కట్ట నా ప్రాణం తోడేస్తోంది. ఎన్నిసార్లు దిద్దినా అదే తప్పు. ఇంతకీ మీ కోతిమూకని ఇంటికి పంపేశావా? చప్పుడే లేదు.”

“లేదక్కా, పాఠం చెప్పాను.”

“మరి నాతో గుసగుసలేంటి?”

“నిన్నంతా వాళ్ళమీద అరిచి గొంతు పోయింది. హాజరు కూడా ఇలాగే పిలిచా.”

“పలికారా?”

“పలికారు. ఒక్కొక్కరూ గుసగుసగానే. చివరి బెంచీ వాళ్ళతో సహా. గదిలో పసిబిడ్డ నిద్రపోతున్నట్టు.”

“అలా పలకమని ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. డౌట్లు కూడా అలాగే అడిగారక్కా.”

పెద్ద టీచరు ఎర్ర పెన్ను పక్కన పెట్టింది. తెలియకుండానే ఆమె గొంతూ తగ్గింది.

“ఉప్పునీళ్ళు పుక్కిలించు. రేపటికి వచ్చేస్తుంది.”

“అదే భయంగా ఉంది.”