అందరికంటే వెనక

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద ఆమె కూర్చుని ఉంది. మోకాళ్ల దాకా బురదతో సైకిల్ జట్టు కోచ్ ఎదురుగా నిలబడ్డాడు. ఆమె భర్త హెల్మెట్ ఆమెకివ్వడానికి అతనికి చేతులు రావడం లేదు.

"కాస్త ముందు తెచ్చుంటే దక్కేవారని డాక్టరు అన్నారు. ఎందుకింత ఆలస్యమైంది అన్నయ్యా?"

"కొండ దిగేటప్పుడు వెనక్కి తిరిగి చూడకూడదమ్మా. చూస్తే సైకిల్ అదుపు తప్పుతుంది. అందుకే ప్రాక్టీసులో అందరికంటే వెనక ఒకణ్ణి పెడతాం. ఎవరు పడ్డా లేపేది వాడే."

"ఎప్పుడూ ఈయన్నే పెడతారుగా."

"వాడుంటేనే మాకు ధైర్యం. టైరు పంక్చరైనా, ఎవడి కాలు బెణికినా తిట్టుకుంటూనే బాగుచేసి తీసుకొస్తాడు."

"ఇంట్లోనూ అంతే. మేమంతా తిన్నాకే తినేవారు."

కోచ్ హెల్మెట్‌ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"కొండ కింద టీ కొట్టు దగ్గర వాడి కోసం చాలాసేపు చూశామమ్మా."

"ఎవరికీ అనుమానమే రాలేదా?"

"వాడికిది మామూలేగా అనుకున్నాం. ఎవడి సైకిలో బాగుచేస్తూ వాణ్ణి చెడతిడుతుంటాడని నవ్వుకున్నాం కూడా. నీ దగ్గర దాచడమెందుకు?"

ఆమె చెయ్యి చాచి హెల్మెట్ తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

"మిగతావాళ్లు అప్పుడెక్కడున్నారు?"

"నాతోనే ఉన్నారు. టీ తాగుతున్నారు."

"అందరూనా?"

"అందరూనమ్మా."

"మరి ఆయన ఎవరి సైకిల్ బాగుచేస్తున్నారనుకున్నారు అన్నయ్యా?"