వెనక నుంచి పిలిచినందుకు

అధ్యక్షత వహించిన మా హెడ్మాస్టరు శ్యామ్ సుందర్ గారికి, సర్పంచి రాజ్యలక్ష్మి గారికి, ప్రార్థనతో సభ మొదలుపెట్టిన సాలమోను పాస్టరు గారికి, ముందు వరసల్లో కూర్చున్న పెద్దలకి, వంటల వాసన బాగా తగిలే వెనక వరసల్లో చోటు చూసుకున్న నా స్నేహితులకి, ఫ్లెక్సీల మీద మీరు కల్నల్ బెన్నీ అని రాసిన ఈ మామిడికుదురు మనిషి నమస్కారాలండి.

నన్ను రెండు నిమిషాలు మాట్లాడమన్నారు. నాకన్నా ముందు మాట్లాడినవాళ్ళకి కూడా రెండేసి నిమిషాలే ఇచ్చేరు. భోజనాల వేళ ఎప్పుడు దాటిందో మీకే తెలుసు. (నవ్వులు)

ఫ్లెక్సీల గురించి ఒక మాట. పి.గన్నవరం అక్విడెక్టు దగ్గర మొదలుపెట్టి ఈ హాలు గుమ్మం దాకా కట్టేరు, ప్రతిదాంట్లోనూ నన్ను యుద్ధ టాంకు మీద నిలబెట్టేరు. చాలా సంతోషం. నేను పదాతి దళం వాణ్ణండి, అంటే ఉద్యోగమంతా నడిచినవాణ్ణి. నా జన్మలో ఎక్కింది మన ఊరి వాటర్ ట్యాంకు ఒక్కటే. దానికి ఈ శ్యామ్ సుందర్ మేష్టారే అప్పట్లో బెత్తంతో సన్మానం చేసేరు. (నవ్వులు) ఇవాళ శాలువాతో చేసేరు. ఈ ఉక్కలో రెండింటికీ పెద్ద తేడా తెలియడం లేదండి.

ఇందాక మేష్టారు నా వీరచక్ర ప్రశంసాపత్రాన్ని తెలుగు చేసి చదివేరు. వింటుంటే ఆ బెన్నీ ఎవరో చాలా గొప్పవాడిలా ఉన్నాడు, ఒకసారి కలిసి మాట్లాడితే బాగుణ్ణు అనిపించింది. అందులో 'సమయస్ఫూర్తితో తన దళాన్ని రాతి చాటున నిలిపి, ప్రాణనష్టం లేకుండా కాపాడి' అని ఒక ముక్క ఉంది. నేను జరిగింది జరిగినట్టే రాసిచ్చేనండి. 'సిపాయి మణికంఠ కూర్చుని మంచినీళ్ళు తాగెను' అని నేను రాసినచోట పైవాళ్ళు సమయస్ఫూర్తి అని పెట్టుకున్నారు. ఆఫీసు భాష అలాగే ఉంటుంది.

ఆ మణికంఠ మన రేవు మనిషే. పడవలు, వలల ఇల్లు. ఆ వీరచక్ర వచ్చిన యుద్ధంలో నేను కెప్టెన్ని, అతను నా దళంలో సిపాయి, ఆ కొండ మీద తెలుగు మాట్లాడేవాళ్ళం మేమిద్దరమే. అతను తిరిగి రాలేదు. వాళ్ళమ్మగారు పెద్దింట్లమ్మ గారు అదిగో, మూడో వరసలో ఫ్యాను కింద, మా ఆవిడ జెస్సీ పక్కన కూర్చున్నారు. చప్పట్లు వద్దండి, దయచేసి. ఆవిడకి ఇష్టం ఉండదు.

సెలవుకి వచ్చినప్పుడల్లా నేను వాళ్ళింటికి వెళ్ళేవాణ్ణి. కొడుకు ఎలా పోయేడో తల్లికి చెప్పడం నా బాధ్యత. 'పెద్దమ్మగారూ, ఆ రోజు...' అని నేను మొదలుపెట్టేలోపే, 'ముందు ఇది తినండి బాబూ' అని పళ్ళెం నా చేతిలో పెట్టేవారు. చీరమేను చేపల గారెలు, రొయ్యల వేపుడు, ఏ కాలానికి ఆ కాలంవి. మన కోనసీమలో ఒక మనిషి నోరు మూయించాలంటే తిట్టక్కర్లేదండి, పెడితే చాలు. శత్రువు మెషీన్ గన్ కూడా ఆపలేని నన్ను ఆ తల్లి ఇన్నేళ్ళూ గారెలతో ఆపేరు. ప్రభుత్వం మణికంఠకి ఇచ్చిన పతకాన్ని ఆవిడ గోడకి తగిలించలేదు. బియ్యం డబ్బాలో పెట్టేరు.

ఎందుకో నాకు మొన్ననే తెలిసింది. ఈ సభకి పిలవడానికి జెస్సీ వెళ్తే, 'నేనెందుకమ్మా ఆ సన్మానానికి, బయల్దేరినవాణ్ణి వెనక నుంచి పిలిచిందాన్ని నేనే కదా' అన్నారట.

ఆఖరి సెలవయిపోయి మణికంఠ పడవెక్కుతుంటే ఎండు రొయ్యల పొట్లం ఇంట్లోనే ఉండిపోయింది. ఆవిడ పరుగెత్తుకొచ్చి రేవు గట్టు మీంచి పేరు పెట్టి పిలిచేరు. పొట్లం చేతిలో పెట్టేక గానీ ఏం చేసేరో ఆవిడకి స్ఫురించలేదు. గాభరాపడి, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి వెళ్ళిపోయేరు. అతను పోయేడని కబురు వచ్చేక, 'పిలవకుండా ఉండాల్సిందమ్మా' అని రేవులో అన్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళల్లో కొందరు ఈ హాల్లోనే ఉన్నారు. పేర్లు చెప్పను, ఇప్పుడే మీ చేత శాలువా కప్పించుకున్నాను. కానీ నాకు చాలా కోపంగా ఉందండి. ఆ మాట పదిమందిలో అన్నారు కాబట్టి నేనూ పదిమందిలోనే చెప్తాను. చెప్పమని పెద్దమ్మగారు నిన్న ఒప్పుకున్నారు.

ఆ వేళ కొండ మీద తెల్లవారుతోంది. పైన శత్రువు బంకరు. ముందున్న బండ దాకా వెళ్ళి దారి చూడమని మణికంఠని పంపేను. నాలుగడుగులు వేసేడో లేదో, అతని నీళ్ళ సీసా నా దగ్గరే ఉండిపోయిందని చూసి, 'మణీ' అని పిలిచేను.

అతను ఆగి, నేను శత్రువుతో కలిసిపోయినట్టు నా వంక చూసేడండి. వెనక్కి వచ్చి, రాతి చాటున చతికిలబడి, సీసా మూత తీసేడు. 'ఏంటయ్యా ఇది' అన్నాను. 'మీరూ కూర్చోండి సార్. వెనక నుంచి పిలిచేక కాసేపు కూర్చుని నీళ్ళు తాగి వెళ్ళాలండి. మా రేవులో అంతేనండి' అన్నాడు. యుద్ధం జరుగుతోంది, నేను అధికారిని, పైగా పాస్టరు గారి ఆదివారం బడిలో శకునాలు నమ్మకూడదని చెప్పి బహుమతి తీసుకున్నవాణ్ణి. పాస్టరు గారూ, నన్ను అలా చూడకండి, నేను కూర్చోలేదు. మిగతా దళమంతా కూర్చుంది. వాళ్ళకి తెలుగు రాదు, అతను కూర్చున్నాడని కూర్చున్నారు. ఒక్కణ్ణీ నిలబడి ఏం చెయ్యను, నేనూ కూర్చున్నాను. (నవ్వులు)

అప్పుడు తాపీగా చెప్పేడండి. 'మా అమ్మ కూడా మొన్న రేవులో ఇలాగే పిలిచిందండి. ఆ పడవని పోనిచ్చి, సోడాకొట్టు బల్ల మీద కూర్చుని, నీళ్ళు తాగి, తరవాత పడవకి వచ్చేనండి. అందుకే రైలు తప్పిపోయింది' అన్నాడు. ఆ సెలవు తరవాత అతను పటాలానికి ఒక రోజు ఆలస్యంగా వచ్చేడు. కారణం అడిగితే బస్సు చెడిపోయిందన్నాడు. వీపుకి ఇసకబస్తా కట్టించి మైదానం చుట్టూ పరుగెత్తించేను.

వింటున్నారా పెద్దమ్మగారూ? మీరు పిలిచిన పిలుపుకి చెయ్యాల్సింది మీ అబ్బాయి అక్కడే చేసేడండి. మీరు వెనక్కి తిరిగి చూడలేదు కాబట్టి మీకు తెలియలేదు.

మణికంఠ ఆ మాట చెప్తూండగానే, అతను వెళ్ళాల్సిన బండ మీద ఫిరంగి గుండు పడింది. బండ లేదు. మేమందరం ఉన్నాం. మణికంఠ సీసా మూత బిగించి, 'ఇప్పుడు వెళ్ళచ్చండి' అన్నాడు. మేష్టారు చదివిన సమయస్ఫూర్తి అదండి. శకునాలు నిజమా కాదా అన్నది పాస్టరు గారూ నేనూ భోజనాల దగ్గర తేల్చుకుంటాం.

ఆ తరవాత బంకరు తీసుకున్నాం. చివర్లో నా తొడలో తూటా దిగి చాటు లేనిచోట పడిపోయేను. పైన ఇంకొక తుపాకీ మిగిలుంది. ఎవరూ రావద్దని అరిచేను. పెద్దమ్మగారూ, నేను పిలవలేదండి. ఎవరూ పిలవలేదు. మణికంఠ తనంతట తనే వచ్చేడు. అతని సర్వీసులో నా మాట వినకపోవడం అదొక్కసారే. నన్ను రాతి చాటుకి ఈడ్చేక అతనికి తగిలింది. అంతేనండి జరిగింది. దానికీ రేవులో పిలిచిన పిలుపుకీ ఏ సంబంధమూ లేదు.

(మూడో వరసలో కదలిక)

ఏమండీ, పెద్దమ్మగారు లేచి ఏదో అడుగుతున్నారు. ఫ్యాను ఒక్కసారి ఆపండి. ఏమంటున్నారు జెస్సీ?

'నొప్పి పడ్డాడా బాబూ' అని అడుగుతున్నారు.

పడ్డాడండి. మీకు అబద్ధం చెప్పను. కాసేపు పడ్డాడు. ఆ కాసేపూ అతని తల నా ఒళ్ళోనే ఉంది. మీ గురించే మాట్లాడేడు. ఏం మాట్లాడేడో మైకులో చెప్పను, అది మీది.

అధ్యక్షులవారు మన్నించాలి, ఇంకా నాలుగు మంచి మాటలు సిద్ధం చేసుకుని వచ్చేను గానీ అవి ఉండనివ్వండి. పెద్దమ్మగారు ఇన్నేళ్ళలో నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు, ఇవాళ అడిగేరు. నాకు సన్మానం జరిగిపోయిందండి. నేను కిందికి దిగి ఆవిడ పక్కన కూర్చుంటాను, మీరందరూ భోజనాలకి లేవండి, మా కోసం చూడకండి. అందరికీ ధన్యవాదాలు. సెలవు.