జీపులో ముందు సీటు

2004, జూలై. తనకల్లుకు అవతల ఒక పల్లె. మారెక్క ఇంటి అరుగు మీద ముగ్గురు: మారెక్క, ఆమె చిన్న కొడుకు తిప్పేస్వామి, అనంతపురం నుంచి విచారణకు వచ్చిన ఆఫీసరు కేశవ.

"అట్ల రాయొద్దు సార్. మావాడు ఏ పార్టీ మనిషీ కాదు. అది కొట్టేయండి."

"ఇంకా ఏమీ రాయలేదమ్మా. పేరు మటుకే రాసినా. మారెక్క, చనిపోయిన కుళ్ళాయప్ప తల్లి. తప్పా?"

"అది తప్పు కాదు."

"మరి కూచ్చో. ఇంకోసారి చెప్తా, నిదానంగా విను. కొత్త ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. పార్టీ కొట్లాటల్లో జైలుకు పోయినోళ్ళ కేసులు చూసి, రాజకీయం వల్ల జరిగిన నేరమే అయితే క్షమించి వదిలిపెడతారు. సొంత కక్షతో చేసింటే వదలరు. మీ కుళ్ళాయప్పను చంపిన ఓబన్న గూడా అర్జీ పెట్టుకున్నాడు. అది రాజకీయమా, సొంత కక్షా అని ఇంటివాళ్ళను అడిగి రాసుకుపోవల్ల. అంతే నా పని."

"వాడు వస్తాడా, రాడా? అది చెప్పు సార్."

"మీరు చెప్పేదాన్ని బట్టి ఉంటాది."

"అయితే రాజకీయం కాదు. రాసుకో."

"రాజకీయమే సార్."

"గమ్మునుండు తిప్పేస్వామీ! సార్ నన్నడిగినాడు."

"ఇద్దర్నీ అడగల్లమ్మా. నువ్వు తమ్మునివి కదప్పా? చెప్పు."

"మా అన్నను చంపింది పార్టీ కోసమే సార్. నరసింహప్ప జీపులో చంపినారు. నరసింహప్ప ఒక పార్టీ లీడరు. ఓబన్న అవతలి పార్టీ. జీపు ముందర జెండా గూడా ఉండె. ఇంకేం కావల్ల?"

"జెండా ఉంటే? జెండా పాటికి జెండా ఎగరతాండె, మావాడు మూట పట్టుకొని కూచ్చొండె. సార్, నువ్వు నా మాట విను. తనకల్లులో సర్కారోళ్ళు విత్తనానికి శెనక్కాయలు ఇస్తాండారంటే తెల్లారకముందే పోయి లైన్లో నిలబడినాడు. మూట చేతికొచ్చేసరికి బస్సు పోయింది. ఆ జీపు వస్తాంటే చెయ్యెత్తినాడు. అంతే సార్ వాడు చేసిన రాజకీయం."

"నరసింహప్ప దారిలో దిగిపోయినాడంట కదా?"

"రోడ్డు క్రాసు కాడ దిగినాడు. దిగేటోడు దిగకుండా, 'వెనకాల దుమ్ము కొడతాది, ముందరికొచ్చి కూచ్చో కుళ్ళాయీ' అన్నాడంట. పాపం, మంచికే అన్నాడో ఏమో. ముందు సీట్లో ఉండేది నరసింహప్పే అనుకొని ఓబన్నోళ్ళు మీద పడినారు. లీడరు ఎవడన్నా ఒళ్ళో విత్తనకాయల మూట పెట్టుకుంటాడా సార్? అదన్నా చూడల్ల కదా."

"ఇబ్బంది అంతా ఆడనే ఉండాదమ్మా. చంపినోని మనసులో ఉండింది పార్టీ. చచ్చినోనికి పార్టీ లేదు. మరి ఇది రాజకీయమా, కాదా? కమిటీలోనే కొందరు ఔనంటాండారు, కొందరు కాదంటాండారు."

"ఒకని బదులు ఒకణ్ణి చంపితే పాపం తగ్గుతాదా సార్? పోనీ, ఆ నరసింహప్పనే చంపింటే? వాని పెండ్లాం నా మాదిరి ఏడ్వదా? చదువుకున్నోళ్ళు మీరు, మీరే చెప్పండి."

"నన్నడిగితే ఎట్లమ్మా? నేను రాసుకుపోయేవాణ్ణి."

"సార్, మా అన్న పార్టీ మనిషే. మీటింగులకు గూడా పోతాండె."

"ఏ మీటింగుకు పోయినాడురా? బిరియాని పొట్లం ఇస్తారంటే పోయినాడు. అది గూడా రెండు పార్టీలకూ పోయినాడు!"

"హహ... సరేలే. కానీ నాకొకటి అర్థం కాలేదు. నేను పోయిన ప్రతి ఇంట్లో తల్లి మెత్తబడతాది, తమ్ముళ్ళు కత్తులు నూరతాంటారు. ఈడ తలకిందులుగా ఉండాదే. ఏమప్పా తిప్పేస్వామీ, ఓబన్న బయటికొస్తే నీకు అభ్యంతరం లేదా?"

"ఏం లేదు సార్. రానీ. ఎన్నాళ్ళని లోపల ఉంటాడు?"

"చూడమ్మా, ఈ వయసులో ఎంత పెద్ద మనసో! ఆ జుట్టేందప్పా అంత పెంచినావు? మొక్కుబడా?"

"ఔ సార్. కదిరి దేవునికి."

"ఎప్పుడిస్తావు?"

"పని అయినాక."

"ఏం పని? పెండ్లా?"

"మజ్జిగ తాగు సార్. ఎండకొచ్చినావు."

"తాగుతాలేమ్మా. వాణ్ణి చెప్పనీ."

"వాణ్ణి అడగొద్దు, నన్నడుగు. అన్న పోయిన కాన్నుంచి ఆ తలకు కత్తెర తగలనీడు. బిడ్డల పుట్టెంట్రుకలు ఇస్తారు, జబ్బు నయమైతే ఇస్తారు. ఇట్లాంటి మొక్కు సామి ఒప్పుకుంటాడా అని పూజారిని అడిగినా. పూజారి గూడా నా మొగం చూడలేదు."

"ఎట్లాంటి మొక్కు?"

"ఏం లేదు సార్. అమ్మకు వయసైంది. మీరు రాసుకోండి."

"సార్, ఆగు ఆగు. సొంత కక్షే సార్. ఇప్పుడు గుర్తొచ్చింది. ఓబన్నకూ మా కుళ్ళాయికీ గట్టు తగాదా ఉండె."

"ఏ గట్టు?"

"చేని గట్టు. వాని చేనికీ మా చేనికీ నడుమ."

"అమ్మా, కోర్టులో నువ్వే చెప్పినావు, ఓబన్న ఎవడో నాకు తెల్దని. నేను ఆ కాగితాలు చదువుకొనే వచ్చినా."

"అప్పుడు దుఃఖంలో మతి లేదు."

"ఇప్పుడొచ్చిందా?"

"వచ్చింది."

"ఓబన్నకు ఈ దిక్కున సెంటు భూమి లేదు సార్. ఊర్లో ఎవర్నన్నా అడగండి."

"నువ్వు నోరు మూసుకోరా!"

"మారెక్కా, పూజలు చేసుకునే ఆడమనిషివి. ఆ గట్టు తగాదా నిజమేనని దేవుని మీద ఒట్టేసి చెప్తావా?"

"చెప్తా. లోపల కర్పూరం ఉండాది. పటం ముందర వెలిగించి, చేత్తో ఆర్పి చెప్తా."

"అమ్మా! శనివారం శనివారం ఒక్కపొద్దు ఉండేదానివి, సామి ముందర తప్పుడు ఒట్టు వేస్తావా?"

"వేస్తా. నరకానికి నేను పోతా. నువ్వు పోవద్దు."

"ఏం మాటలమ్మా ఇవి? తెలిసి తెలిసి నేను అబద్ధం రాయలేను."

"చంపింది రాజకీయమైతే చంపినట్ల కాదని కొండంత అబద్ధం రాస్తాండారు కదా సార్! నా గోరంత అబద్ధానికి చోటు లేదా? ఓబన్న లోపల ఉన్నన్నాళ్ళే నా ఇంట్లో దీపం ఉంటాది. నాకు వాని మీద కోపం లేదు సార్. ఒట్టు, ఈ ఒట్టు మటుకు నిజం. ఆడనే ఉండనీ, ఇంత తిని చల్లగా ఉండనీ. బయటికి మటుకు తేవొద్దు."

"కోపం లేదంటావు, తేవొద్దంటావు. పగ పట్టుకుంటే మనిషికి శాంతి ఉండదమ్మా. చిన్నోణ్ణి చూసి నేర్చుకో. తిప్పేస్వామీ, ఈడ సంతకం పెట్టు. 'మా అన్న హత్య రాజకీయ కారణాల వల్ల జరిగినది. ఓబన్న విడుదలకు మాకు అభ్యంతరం లేదు.' సరేనా?"

"సరే సార్. ఈడనేనా?"

"ఆ, కింద. అమ్మా, నువ్వు వేలిముద్ర వేస్తావా?"

"నా వేలు నేనియ్యను."

"పోనీలే. ఇంట్లో ఒకరిది ఉంటే చాలు."

"ఎప్పుడు వదుల్తారు సార్?"

"కమిటీ ఒప్పుకుంటే పంద్రాగస్టుకు."

"కడప జైలు నుంచేనా?"

"ఔను. పొద్దున జెండా ఎగరేసినాక పంపిస్తారు."

"అయితే మధ్యాహ్నానికి కదిరిలో దిగుతాడు. ఆడ నుంచి వాళ్ళ ఊరికి గూడా మన బస్సే."

"అదంతా నీకెందుకప్పా?"

"ఊరికే అడిగినా సార్."

"సార్, విన్నావు కదా? విన్నావు కదా నీ చెవుల్తో? ఆ కాగితం చింపెయ్యి. నీ కాళ్ళు పట్టుకుంటా."

"లెయ్యమ్మా, లెయ్యి, పెద్దదానివి. ఊరికి వచ్చేవాణ్ణి ఏ బస్సుకు వస్తాడని అడిగితే తప్పా? ఇట్లాంటి బిడ్డ ఉన్నందుకు దేవునికి దండం పెట్టుకో. నేను చిలమత్తూరు పోవల్ల, ఆడ ఇంకో ఇల్లు ఉండాది. వస్తానప్పా తిప్పేస్వామీ. ఇంకేమన్నా అడగాలా?"

"ఒకటే సార్. పార్టీలో చేరిన ఎన్నాళ్ళకు, మనిషి చేసేది రాజకీయం కిందికి వస్తాది?"