క్యాబిన్‌ల తునికాకు ముక్కలు

వద్దు సాబ్. మాఫ్ చెయ్యకుండ్రి. దండం పెడత, ఆ కాయితం మళ్ళ సంచిల పెట్టుకోండ్రి.

ఏంది అట్ల జూస్తరు? మొగుని నౌకరి మళ్ళ ఇస్తమంటే వద్దనే ఆడదాన్ని ఎక్కడ జూడలేదా? నేను గూడ జూడలే. కూసోండ్రి, ఆకు మూట జరుపుత. ఈ నీలం నగర్‌ల ఇంటింటికి కరెంటు మగ్గాలే, ఈ సాంచల మోతకు దమ్ముండదు. జర గట్టిగ మాట్లాడాలె, ఏమనుకోకుండ్రి.

మీరు మంచోల్లు సాబ్. ఇంట్ల కూసోబెట్టిన పద్దెనిమిదో దినం ఇల్లు ఎతుక్కుంట వచ్చిండ్రు. సోమవారం సంది సిగ్నల్ క్యాబిన్ ఎక్కమంటున్నరు. మా ఆయన గడప కాడ కూసొని నవ్వుతుండాలె. నేనటు తిరుగ, మీరే జూడుండ్రి.

కని మీ కాయితంల రాసింది అబద్ధం. డ్యూటీ మీద పండుకున్నడట! క్యాబిన్‌ల తునికాకు ముక్కలు దొరికినయట, బీడీలు తాగుకుంట పండుకున్నడట! అరె, నేను దినాం వెయ్యి బీడీలు చుడత, ఈయన ఒక్కటి ముట్టడు. మరి పండుకున్న అని సంతకం ఎందుకు పెట్టిండంటరా?

ఆ ఆకు ముక్కలు నావి సాబ్.

అవును, నావే. ఎనిమిది నెలల సంది నేను క్యాబిన్‌ల కూసుంటున్న. బయటోల్లు ఎక్కొద్దని బోర్డున్నది, సదువు రాకున్న నాకెరుకే. పొద్దుగాల సద్ది డబ్బ పట్టుకొని మెట్లెక్కుడు, లీవర్ల ఎనుక మూలకు చాట పెట్టుకొని బీడీలు చుట్టుడు. క్యాబిన్‌ల ఈయన జోడీ అంబాదాస్‌కు పగలు సొంత సాంచల పనుంటది, అందుకని రాత్రి డ్యూటీ ఆయన తీస్కుంటుండె, పగటిది ఈయన. "పెండ్లాం మీద గంత పావురమా, ఇడిసి ఉండవా" అని అంబాదాస్ నవ్వేటోడు. నవ్వనీ అనుకున్న.

ఈయనకు చెవులు ఇనవడయి సాబ్.

రైల్వేల చేరకముందు పన్నెండేండ్లు సాంచల నడుమ నిలవడ్డడు. ఇంటికొస్తే ఇంట్ల గూడ సాంచలే, వాళ్ళన్నయి. మా గల్లీల అందరం అరిసే మాట్లాడుతం, ఎవరికి చెవుడొచ్చిందో ఎవరు పట్టుకుంటరు? పెదవులు జూసి మాట పట్టుకునుడు సాంచల కాడ అందరికి అలవాటే. ఎదురుంగ నిలవడితే బరాబర్ జవాబు చెప్తడు. ఎంక్వైరీల అంత సేపు అడిగిండ్రు గద, మీకు తెలిసిందా? తెల్వలే. ఫోను గూడ చెవికి ఒత్తుకుంటే జర ఇనవడ్తది. కని బండి వస్తున్నదని పక్క స్టేషన్‌కెల్లి గంట కొడతరు. గంటకు పెదవులుంటయా సాబ్?

గంట మోగంగనే నేను ఈయన ముంగట వేళ్ళెత్తేది. ఎన్ని దెబ్బలయితే అన్ని వేళ్ళు. అప్పుడు ఈయన జవాబు గంట కొట్టి, చేతుల తువ్వాల ఏసుకొని సిగ్నల్ లీవర్ గుంజేటోడు. ఉత్త చెయ్యి పెడితే చెమటకు తుప్పు పడ్తదట. ఆ తువ్వాల ఈయన నేసిందే. అద్దం లెక్క ఉంచుతడు సాబ్ లీవర్లను!

మీ కాయితంల రాసిన ఆ దినం బీడీ కార్ఖానల నా కట్టలు బాగలేవని తిరగగొట్టిండ్రు. మళ్ళ కట్టి ఇచ్చేవరకు పొద్దెక్కింది. కొంతం చౌక్ కాడికెల్లి ఉరికిన. నేను మెట్ల కిందికి వచ్చేవరకు గంట మోగుతనే ఉన్నది, ఈయన లీవర్లు తుడుసుకుంట నిలవడ్డడు. సిగ్నల్ పడక బండి నిండ జనం, అవతల ఎండల ఇరవై నిమిషాలు ఆగిండ్రు.

బండి ఆగింది, సరే. అంతకు ముందే, పోయిన నెల, పట్టాలు మారే కాడ పట్టాల పనిచేసే రామన్న చెయ్యి పెట్టి నూనె పోస్తుండె. ఈయన ఆ పట్టాలు జరిపే లీవర్ మీద చెయ్యేసిండు. "సిద్ధన్నా, ఆగు ఆగు" అని రామన్న కిందికెల్లి మొత్తుకుంటుండు. నేను అంగి పట్టి గుంజిన. రెండు పట్టాలు కలిస్తే చెయ్యి ఉంటదా సాబ్? తన కేక ఇని ఆగిండనుకొని రామన్న మర్నాడు సీతాఫలాలు తెచ్చిచ్చిండు. నాకు మింగుడు పడలే.

ఇప్పుడు మీరు ఇంకో మనిషి ఎక్కకుంట క్యాబిన్‌కు తాళం పెట్టిస్తరట. మంచిదే. మరి వేళ్ళు ఎవరు ఎత్తాలె?

పండుకున్నడంటే కొన్ని దినాలు కూసోబెట్టి తీస్కుంటరు, చెవుడంటే సిగ్నల్ మళ్ళ ముట్టనియ్యరు. అందుకే సంతకం పెట్టిండు. ఎవరికి చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నడు. చెప్పకుంటే రామన్న చెయ్యి కండ్లల్ల మెదులుతది, చెప్తే ఈయన మొకం. ఏం జెయ్యాలె నేను? చెప్పుండ్రి, ఏం జెయ్యాలె?

గింత గట్టిగ చెప్పిన. మూడిండ్ల అవతలికి ఇనవడ్డది, మూరెడు దూరంల ఆయనకు ఇనవడలే. నా పెదవులు కనవడొద్దనే ఈపు అటు పెట్టి కూసున్న. మీరు తలకాయ ఊపినప్పుడల్లా దండం పెడుతున్నడు గద? సోమవారం డ్యూటీ అనుకుంటున్నడు.

ఆ డ్యూటీ లేదని ఆయనకు మీరే చెప్పుండ్రి సాబ్. ఎదురుంగ నిలవడి మెల్లగ చెప్పుండ్రి. అరిసే పని లేదు.