ముత్యం గీసిన మిరపకాయ

జమ్మికుంట పత్తి మార్కెట్ ఎదురుంగ చాంద్‌పాషా చాయ్ హోటల్. పక్క మడిగెల ముత్యం డిజైన్ దుకాణం. పెండ్లి కార్డులు, బర్త్‌డే ఫ్లెక్సీలు తప్ప ముత్యం వేరే పని చేయంగ మేమెవ్వరం చూడలే. ఆ దినం చొప్పదండి నుంచి మంజుల అని ఒకామె వచ్చింది. పన్నెండు మంది ఆడోళ్ళు కలిసి కారం పట్టిస్తున్నరట, ప్యాకెట్లకు మంచి డిజైన్ కావాల్నట. ఆ పని ఎట్లన్న తనకే రావాలని ముత్యం పానం కొట్టుకుంటుంది. ఆమెను చాయ్‌కి కూసోబెట్టి షురూ చేసిండు.

"ప్యాకెట్ల సంగతి నాకు ఇడిసిపెట్టు మంజులక్కా. పోయినేడు ఆసిఫాబాద్ నుంచి ఒక కారంపొడి సేటు వచ్చిండు, మొఖం ఇంత చేసుకొని. ఏంది సేటూ అంటే, సరుకు పోతలేదన్నడు. పొడి చేతిల పోసుకొని చూసిన, బంగారం! తప్పు పొడిది కాదు సేటూ, నీ సంచిది అన్న. కూసోని మిరపకాయ గీసిన. ఒక్కటే మిరపకాయ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వారం తిరగకముందే సరుకంత ఖతం!"

"మంచిగనే ఉన్నది," అన్నది మంజుల.

ఆ ఒక్క మాటకు ముత్యానికి రెక్కలు మొలిచినయ్.

"కని అక్కా, మనిషికో తీరు ఉంటది. అందరికి ఒక్కటే అంగీ కుడితే పడుతదా? కరీంనగర్ అపార్ట్‌మెంటోళ్ళకు సన్నగ, నాజూకుగ చేసిన, చూస్తే సబ్బేమో అనుకోవాలె. ముసలోళ్ళకు పెద్ద అక్షరాలు పెట్టి, మిరపకాయ రంగు జర తగ్గించిన. పొడి గదే! బొమ్మ సప్పగ చేసేవరకు కారం సగానికి దిగింది. పండ్లు లేని ముసలామె చెంచతోని బుక్కుకుంట కూసున్నది. ఇగ గోదావరిఖని బొగ్గుబాయి పనోళ్ళకు నల్ల ప్యాకెట్, మీద మెరిసే అక్షరాలు. చీకట్ల సద్దిగిన్నె పక్కన కనపడాలె కద! ఒకాయన దాన్ని బాయిలకు పట్టుకపోయిండు. గా వెలుగుకు షిఫ్టు షిఫ్టంత నెత్తి మీది లైట్లు బంద్ చేసి బొగ్గు తీసిన్రు!"

సిద్దిరాములు కాక ముప్పై ఏండ్లు బొగ్గుబాయిల చేసి రిటైరైన మనిషి. "గంత వెలుగైతే కండ్లు పోవాలె గదరా," అన్నడు.

"అందుకే కాకా, ప్యాకెట్‌కు ఒక నల్లద్దాల జోడు ఫిరీ ఇచ్చినం!"

ముత్యం ఆగేటోడా? "గదే బొమ్మ ఫ్లెక్సీ కొట్టి గీ మార్కెట్ గేటుకు కట్టిన. పత్తి ట్రాలీలు వస్తున్నయ్, గేటు కాడికి రాంగనే డ్రైవర్లందరికి పొలమారుతుంది. ఒకటే దగ్గు, ఒకటే తుమ్ములు, నీళ్ళు నీళ్ళని మొత్తుకునుడు. చాంద్ భాయ్, గా దినం నీ హోటల్ల నీళ్ళ చుక్క మిగిలిందా?"

"లేదు భై," చాంద్‌పాషా గిలాసలు కడుగుకుంటనే చెప్పిండు. "నల్లా రాలే."

"రాకపోవుడు కాదు, తాగిన్రు! గింతేనా? ఆసిఫాబాద్ అడవి తొవ్వల సేటు బండిల నుంచి ఒక ప్యాకెట్ జారిపడ్డది. పులి వచ్చింది. వాసన సుత చూడలే అక్కా, ఉత్తగ బొమ్మ చూసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ముక్కు కార్చుకుంట, కండ్లు తుడుసుకుంట ఉరుకుడు వెట్టింది. మహారాష్ట్రల అడుగు పెట్టేదాక ఎన్కకు మర్రి చూడలే. ఆడ మరాఠీల ఏడ్చిందట!"

మేం పడిపడి నవ్వినం. మంజుల నవ్వలే. ఒడిల ఉన్న కారం మూటను రెండు చేతుల పట్టుకొని శ్రద్ధగ వింటుంది. పని తన దిక్కే మొగ్గుతుందని ముత్యానికి అనిపించింది, గొంతు ఇంకింత లేపిండు.

"ఆఖరుకు ఐలవ్వ సంగతి చెప్త, ఇగ నువ్వే ఔనంటవ్. మా వాడల ఐలవ్వ గా ప్యాకెట్ కొనుక్కపోయి పొయ్యి మీద గోడ మొలకు తగిలేసింది. కత్తెర కోసం దేవులాడి వచ్చేవరకు కూర ఎర్రగై కుతకుత ఉడుకుతుంది. నాలికె మీద పెట్టుకుంటే మంట! విప్పనే లేదు అక్కా! కూరకు ప్యాకెట్ ఇట్ల చూపిస్తే చాలు. మామూలు కూరకు ఒక్కసారి, మటన్‌కు రెండుసార్లు, అల్లుడొస్తే ఎన్క ముందర రెండు దిక్కుల! ఏడాదైంది, ఇప్పటిదాక సీలు తియ్యలే. వాడకట్టు మొత్తం గా ఒక్క ప్యాకెట్‌నే మార్చుకుంట వండుకుంటుంది. పొడి ఎవ్వనికి కావాలె? గదీ నా పనితనం!"

దమ్ము తీసుకొని, మీసం దువ్వి, మా అందరి మొఖాలు చూసిండు ముత్యం.

మంజుల మెల్లగ అడిగింది. "వాడకట్టు మొత్తానికి ఒక్కటే ప్యాకెటా తమ్మీ?"

"ఒక్కటే! నీ మీద ఒట్టు!"

"ఏడాది నుంచి ఎవ్వరు ఇంకోటి కొనలే?"

"కొనే అవుసరమే పడలే!"

"మరి గా సేటు ఇప్పుడేం చేస్తుండు?"

పులిని మహారాష్ట్రకు దాటించినోనికి సేటును ఏడ దాచాల్నో తెల్వలే. చేతిల పడ్డ పని జారుతుందని అప్పుడు అర్థమైంది, పాపం, మా అందరి ముందర మొఖం చిన్నగైంది.

మంజుల మూట సంకల పెట్టుకొని లేచింది.

"చాంద్ భాయ్, మేం పన్నెండు మందిమి బతకాలె. మా కారం నెలనెల అయిపోవాలె, మళ్ళ వచ్చి కొనాలె. గీ తమ్ముని పనితనం మాకు జర ఎక్కువైంది. గీ ఊర్ల కొద్దిగ పని తక్కువ వచ్చినోళ్ళు ఇంకెవరన్న ఉన్నరా?"